పేరు మార్చిన పాట

ముందే ఒప్పుకుంటాను. ఫైలు పేరు మారిస్తే ఫైలు కూడా మారుతుందని నేను నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఆ నమ్మకం మీద ఒక పెళ్లి సంబంధాన్ని కూర్చోబెట్టాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మిగతా కథంతా మా చుట్టాలందరికీ తెలుసు. ఈ ఒక్క ముక్కే తెలియదు.

నా తెలివితక్కువతనానికి కొంత వంశచరిత్ర ఉంది. మా తాతకు మిషన్ వాళ్లు బాప్తిస్మం ఇచ్చి పేరు మార్చారు. పేరు మారిన వారం నుంచే ఆయన కల్లు మానేశాడనీ, బూతులు మానేశాడనీ, ఎద్దులను కూడా మెల్లగా అదిలించడం మొదలుపెట్టాడనీ మా ఇంట్లో ప్రతి పండక్కీ చెప్పుకునేవారు. కాబట్టి పైన పేరు మారితే లోపలి సరుకు మారుతుందన్న విషయంలో నాకెన్నడూ అనుమానం రాలేదు. మా తాతకు పనిచేసింది పాటకు ఎందుకు పనిచేయదనుకున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్లు. నారాయణఖేడ్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. ఆదివారం చర్చిలో గాయక బృందం రెండో వరసలో నిలబడేవాణ్ణి. రెండో వరస నాకు ఎవరూ ఇచ్చింది కాదు, నేను వెతుక్కున్న చోటు. ముందు నలుగురి వీపులుంటే నా గొంతు బాగానే ఉంటుంది. ఒంటరిగా నిలబెట్టి, ఎదురుగా మనుషులు నా మొహం చూస్తూ కూర్చుంటే మాత్రం, గొంతులో ఎవరో తలుపు మూసి గొళ్లెం పెడతారు.

ఒక వేసవిలో ఆదివారపు బడి టీచర్లకు మా ఊళ్లో మూడు రోజుల శిక్షణ పెట్టారు. కర్ణాటక సరిహద్దున ఉన్న నాగల్‌గిద్ద వైపు నుంచి ఒకామె వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి కన్నడంలోకి జారేది, మళ్లీ తనంతట తానే తెలుగులోకి ఎక్కి వచ్చేది. మొదటి రోజు ప్రార్థనలో నా ముందు వరసలో నిలబడి, పాట మధ్యలో వెనక్కి తిరిగింది.

"ఎనకనుంచి పాడేది ఎవలు? మస్తున్నది గొంతు."

నేను వెంటనే పాడటం ఆపేశాను. ఆమె నవ్వింది. మూడో రోజు వెళ్లేటప్పుడు ఆ పాట రాసిమ్మంది. నాలుగు చరణాలూ నా మంచి దస్తూరీతో, గీతల కాగితం మీద, కొట్టివేత లేకుండా రాసిచ్చాను. మా మధ్య జరిగింది అంతే. ఇరవయ్యారేళ్లవాడికి అది చాలా ఎక్కువ.

నాలుగు నెలలు మనసులోనే దాచుకుని అక్కకు చెప్పాను. అక్క బావకు చెప్పింది. అక్కడితో నా విషయం నా చేతుల్లోంచి పోయింది.

బావ గురించి చెప్పాలి. హైదరాబాదులో ఫోన్లూ ఆట సామాన్లూ అమ్మే పెద్ద షాపులో పనిచేసేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు, సోమవారం తెల్లారి ఎక్కేవాడు. మంచి పాటగాడు, అంతకంటే మంచి మాటగాడు. ఎక్కడ కూర్చుంటే అక్కడ నవ్వులే. ఆయన పదిమందిని నవ్విస్తున్నప్పుడు పదకొండోవాడు ఒకడు నవ్వకుండా ఉంటాడని గమనించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తరచుగా ఆ పదకొండోవాడు నేనే కావడం వల్ల నాకు నేను కనిపించేవాణ్ణి కాదు.

బావ రెండు వారాల్లో కబురు తెచ్చాడు.

"పిల్ల తండ్రి ఒప్పుకున్నడు, వచ్చి చూసుకొమ్మన్నడు. గనీ ఒక్కటే తిరకాసున్నది బామ్మర్దీ."

"ఏంది బావా?"

"ఆళ్లింట్ల కూసుంటె ముందుగాల ప్రార్థనట. ప్రార్థనకు ముందు పాటనట. గా పాట పెండ్లికొడుకే ఎత్తుకోవాలెనట. పెద్దల్లుడు గూడ అట్లనే పాడిండట. పాడనోనికి పిల్లనియ్యడట ముసలాయన."

ఆ ముసలాయన వాళ్ల సంఘంలో పాట ఎత్తుకునే మనిషి. ఒక చెవి పూర్తిగా పోయిందని, అయినా పాట వదల్లేదని కూడా బావే చెప్పాడు.

నా మొహం చూసి బావకు జాలేసిందో, ముచ్చటేసిందో తెలియదు. తర్వాతి శనివారం ఒక పెట్టె పట్టుకొచ్చాడు. రెండు చేతులా పట్టుకుని ఆడే వీడియో గేమ్. నల్లగా, అరచేతికంటే కొంచెం వెడల్పుగా, మధ్యలో అద్దంలాంటి తెర, అటూ ఇటూ మీటలు. షాపులో ఎవరో తిరిగిచ్చినదట.

"ఉంచుకో. ఆట, పాట, సినిమా, అన్నీ ఆడుతది ఇది. నీ పాట ఇంట్లనే రికార్డు జేసి ఇండ్ల ఎక్కియ్యి. గొంతు బాగలేదని జెప్పి, గీ బటన్ ఒత్తు. నీ గొంతే గద, అబద్ధమేముంది?"

అక్క కూడా "మంచిగనే ఉన్నది గద తమ్మీ" అంది. నాకైతే ఆ క్షణంలో బావ కాళ్లకు మొక్కాలనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే మొక్కకపోవడం ఒక్కటే ఆ నెలలో నేను చేసిన తెలివైన పని.

ఒక మధ్యాహ్నం చర్చి ఖాళీగా ఉన్నప్పుడు రెండో వరసలో నా చోట నిలబడి, ఎదురుగా ఎవరి వీపులూ లేకపోయినా ఉన్నాయనుకుని, ఆమెకు రాసిచ్చిన పాటే పాడి ఫోనులో రికార్డు చేశాను. తిరిగి విన్నాను. నాకే కళ్లు చెమర్చాయి. మన గొంతుకు మనమే ఏడవడం కొంచెం సిగ్గుచేటే గాని, ఆ రోజు ఇంకెవరూ లేరు మరి.

ఆ పాటను మెమరీ కార్డులో వేసి గేమ్‌లో పెడితే, జాబితాలో నా పాట లేనే లేదు. కార్డులో ఉంది, గేమ్‌కు కనిపించదు. పెట్టె మీద సన్నటి అక్షరాలతో అది ఏమేం ఆడుతుందో రాసి ఉంది. పాటలైతే ఎమ్‌పీ త్రీ అని, సినిమాలైతే ఎమ్‌పీ ఫోర్ అని. నా ఫోను రికార్డు చేసిన ఫైలు పేరు చివర తోక మాత్రం ఏఎమ్ఆర్.

బస్టాండ్ పక్కనున్న నెట్ సెంటరుకు వెళ్లి కంప్యూటర్‌లో కార్డు పెట్టించుకున్నాను. మా తాతను తలుచుకున్నాను. ఏఎమ్ఆర్ అన్న మూడక్షరాలు చెరిపి ఎమ్‌పీ త్రీ అని కొట్టాను. తెర మీద ఫైలు బొమ్మ చటుక్కున మారి సంగీతం గుర్తు వచ్చింది. రెండుసార్లు నొక్కితే ఇయర్‌ఫోన్‌లో కంప్యూటర్ చక్కగా పాడింది కూడా. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కార్డును గేమ్‌లో పెట్టాను. ఈసారి జాబితాలో నా పాట పేరు కనిపించింది. అప్పుడే బ్యాటరీ గుర్తు ఎర్రగా మెరిసింది. చార్జర్ బావ దగ్గర ఉంది. పేరు కనిపించింది కదా, ఇక పాటను పరీక్షించడం దేనికి, ఉన్న కాస్త బ్యాటరీ దండగ అనుకుని ఆపేశాను. బాప్తిస్మం తీసుకుని వచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపి నీకు నిజంగా విశ్వాసం ఉందా అని అడుగుతామా?

శనివారం బావ వచ్చాడు. అక్క వాళ్ల వాకిట్లో చాయ్ తాగుతున్నాం. బావ చేతిలో ఫోను ఉంది, ఏదో మెసేజ్ చూస్తున్నట్టు బొటనవేలు ఆడిస్తున్నాడు.

"రేపు మామ ముందట గిట్ల గజగజ వణుకుతవా ఏంది?"

బావను నవ్వించాలని నాకెప్పుడూ కోరికే. ఆయన ఊరందరినీ నవ్విస్తాడు, ఆయన్ని నేను ఒక్కసారైనా నవ్వించాలి కదా.

"వణుకుడెందుకు బావా. ముసలాయనకు ఒక చెవి లేనే లేదాయె. ఎట్ల పాడినా నడుస్తది. ఆ ఇనబడే చెవి దిక్కు కూసోకుంటె సరి."

బావ పడీ పడీ నవ్వాడు. చాయ్ తొణికింది. నాకు ఛాతీ ఉబ్బింది. "మల్ల జెప్పు, మల్ల జెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను, ఇంకా గట్టిగా, ముసలాయన చెవి మీద చెయ్యి పెట్టుకుని వంగి వినడం కూడా నటించి చూపిస్తూ. అప్పటికి నేను ఆయన్ని చూడనైనా లేదు.

"గేమ్ ఇటియ్యి, చార్జింగ్ పెడ్త" అని తీసుకున్నాడు. మర్నాడు జీపులో ఎక్కేముందు నా చేతికిచ్చాడు. బ్యాటరీ నిండుగా ఉంది. బావ మీద గౌరవం నాకు అంతకంటే నిండుగా ఉంది.

నాగల్‌గిద్ద దారిలో కందిచేలు పూతమీద ఉన్నాయి. మొదటి చూపు కాబట్టి అక్క, బావ, నేను, ముగ్గురమే వెళ్లాం. వాళ్ల వాకిలి అలికి, చాప పరిచి ఉంది. చాప పక్కన మంచం మీద ముసలాయన కూర్చున్నాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన చొక్కా, చొక్కా జేబులో కళ్లజోడు. నన్ను దగ్గరకు పిలిచి మంచం మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వినబడే చెవి వైపు. ఆమె తలుపు పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి గుర్తుపట్టినట్టు తల కొంచెం ఊపింది. ఆ ఊపు చాలు, ఇంక జీపు దానికదే వెనక్కి వెళ్లిపోయినా పర్వాలేదనిపించింది.

"మంచిది బిడ్డా. పాట ఎత్తుకో. ప్రార్థన జేసుకుని మాట్లాడుకుందం" అన్నాడు ముసలాయన.

"గొంతు బాగలేదు మామా, జలుబు. గనీ నా పాట రికార్డు జేసి తెచ్చిన" అని గేమ్ తీశాను. బావ తన సంచిలోంచి రెండు చిన్న స్పీకర్లు తీసి వైరు తగిలించాడు.

ముసలాయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. "గిదేంది? ఆడుకునేది లెక్కున్నది."

"ఆట ఆడుతది, పాట పాడుతది, బొమ్మ చూపిస్తది మామా. అన్నీ చేస్తది" అన్నాను. నొక్కాను.

తెర మీద ఇంగ్లీషులో ఒక చిన్న వాక్యం వచ్చింది. ఈ ఫైలును ఆడించడం కుదరదని. మళ్లీ నొక్కాను. అదే వాక్యం. వెనక్కి వెళ్లి, ముందుకొచ్చి, ఊపి, తుడిచి, మళ్లీ నొక్కాను. ఎంత మర్యాదగా నొక్కినా అంతే మర్యాదగా అదే జవాబు చెప్పింది.

"ఏమైంది?" అన్నాడు ముసలాయన.

"ఫార్మాట్‌కు సపోర్ట్ లేదంటుంది మామా."

"సపోర్ట్ దేముంది, మేమిస్తం గద. మేమందరం ఎనక అందుకుంటం. నువ్వు షురూ జెయ్యి."

ఆయన నిజంగానే ఇస్తానన్నాడు. పాట అందుకోవడానికి చేతులు చరిచేందుకు సిద్ధంగా పెట్టుకున్నాడు కూడా. నేను నోరు తెరిచాను. లోపల గొళ్లెం పడిన చప్పుడు నాకొక్కడికే వినిపించింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఆమె నా నోటివైపు చూస్తోంది. ఒక కోడి వచ్చి చాప అంచును పొడిచి చూసి, అది తినేది కాదని తేల్చుకుని వెళ్లిపోయింది.

అప్పుడు బావ నా చేతిలోంచి గేమ్ తీసుకున్నాడు.

"ఉండు మామా, పరేషాన్ గాకు. ఇండ్ల మావోనిది ఇంకోటున్నది. నేను పెడ్త."

నాకు ఇంకో పాట లేదు. ఆ మాట అనేలోపే బావ నొక్కాడు. స్పీకర్లలోంచి నా గొంతు వచ్చింది. అంత స్పష్టంగా నా గొంతు నేనే ఎన్నడూ వినలేదు. సరైన ఫార్మాట్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

"వణుకుడెందుకు బావా. ముసలాయనకు ఒక చెవి లేనే లేదాయె. ఎట్ల పాడినా నడుస్తది."

వెనకాల బావ నవ్వు. "మల్ల జెప్పు, మల్ల జెప్పు." మళ్లీ నేను, ఇంకా గట్టిగా.

బావ పకపకా నవ్వుతూ చుట్టూ చూశాడు, అందరూ అందుకుంటారని. ఎవరూ అందుకోలేదు. ముసలాయనకు స్పీకర్లు చెవి లేని వైపు ఉన్నాయి. ఆయన మాటలు సరిగా పట్టుకోలేక, పాటకోసం చూసే మొహంతోనే అడిగాడు, "ఏమంటుండు? ఏమంటుండు బిడ్డా?"

అక్క తల దించుకుంది. తలుపు దగ్గర నుంచి ఆమె నడిచి వచ్చింది. తండ్రి వినబడే చెవి దగ్గరకు, అంటే నా పక్కకే, వంగింది. ఆదివారపు బడిలో పిల్లలకు వాక్యం చెప్పించేటప్పుడు ఎలా విడివిడిగా, గట్టిగా చెబుతారో అలా చెప్పింది.

"నాయినా, నీకు ఒక చెవి లేదంటుండు. ఎట్ల పాడినా నడుస్తదంటుండు. నీకు ఇనబడే దిక్కు కూసోకుంటె సరి అంటుండు."

ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. గొంతులో కోపం కూడా లేదు. చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె బయటికి రాలేదు.

"సాకు" అన్నాడు ముసలాయన. కన్నడంలో, చాలు అని. గేమ్ ఆపమని అన్నాడో, అంతా ఆపమని అన్నాడో అర్థం చేసుకోవాల్సిన అవసరం లేకుండా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "చెవి పోయింది నిజమే. పిండి గిర్నీల పనిజేస్తుంటె పోయింది" అన్నాడు, ఏదో వివరం ఇవ్వాల్సింది ఆయనే అన్నట్టు. ఆ తర్వాత, "ఊట జేసి పోండ్రి. కోడి కోసి వండిండ్రు" అన్నాడు.

తిని వెళ్లాల్సి వచ్చింది. ఆ భోజనం కంటే బావ చేసింది నయం. జొన్న రొట్టె, కందిపప్పు, కోడికూర. అల్లుడికని ముందే అనుకుని పక్కకు తీసిపెట్టిన కోడికాలు ఆమె తల్లి నా పళ్లెంలోనే వేసింది, అది ఇంకెవరికి వేయాలో తెలియక. పాడే పెళ్లికొడుకు కావాలన్న ఇంట్లో పాడైపోయిన పెళ్లికొడుకు ఒకడు కోడికాలు చీకుతూ కూర్చున్నాడు.

తిరుగు దారిలో జీపు కదిలి ఊరు దాటగానే బావ మళ్లీ నవ్వడం మొదలుపెట్టాడు.

"జెర్ర నవ్వుకుంటరని పెట్టిన బామ్మర్దీ. మా షాపుల ఒకాయన ఉంటడు, ఏదైనా ఇండ్ల పాడేటట్టు మార్చిస్తడు. నిన్న వాకిట్ల నీ మాట రికార్డు జేసి ఫోన్ల పంపితె రాత్రికే జేసి పంపిండు. గాళ్లకు నవ్వుడు రాదు, నేనేం జెయ్యాలె?"

"మరి నా పాట?"

"అదా? రాత్రే పెట్టి చూసిన. పాడలే. సరిగ రికార్డు జేసుకోలే నువ్వు."

రాత్రే చూశాడు. నిండు బ్యాటరీతో నా చేతికిచ్చినప్పుడే అది పాడదని ఆయనకు తెలుసు. అక్క నవ్వుతూనే "ఇగ సాలు తియ్యి" అని భర్తను కసిరింది. కొంత దూరం పోయాక కిటికీలోంచి బయటికి చూస్తూ నాతో అంది, "గనీ నువ్వన్నది గూడ గట్లనే ఉన్నది తమ్మీ." బావ ఆ నవ్వును ఆ ఇంట్లోకి మోసుకెళ్లాడు గాని, తయారుచేసి ఇచ్చింది నేనే.

దిగేటప్పుడు బావ గేమ్ తీసి తన జేబులో వేసుకున్నాడు. "నీకు ఆడుడు రాదు, పాడుడు రాదు. ఇగ ఇదెందుకు నీకు?"

మరుసటి వేసవి శిక్షణకు ఆమె రాలేదు. వాళ్ల ఊరి నుంచి వచ్చిన ఇంకో టీచరు నాకొక మడతపెట్టిన కాగితం ఇచ్చింది. విప్పితే నాలుగు చరణాలు, నా దస్తూరీ. ఆమె రాసింది ఏమీ లేదు. తర్వాత మంచి పాటగాణ్ణే చేసుకుందని విన్నాను. అతని పాట నేను వినలేదు. వినకుండా ఉండటానికి పడాల్సిన తిప్పలన్నీ పడ్డాను.

కథ మాత్రం పోలేదు. ప్రతి క్రిస్మస్‌కు ఆరాధన అయ్యాక మా వాళ్లంతా అక్క ఇంట్లో భోజనాలు చేస్తారు. భోజనాలయ్యాక బావ నా పెళ్లిచూపుల కథ చెబుతాడు. మొదటి ఏడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. రెండో ఏడు నేను గేమ్‌ను పప్పులో పడేశాను. మూడో ఏడు ముసలాయనకు రెండు చెవులూ పోయాయి, కర్ర పట్టుకుని కందిచేలో నా వెంట పడ్డాడు. నాలుగో ఏడు ఆమెకు మెల్లకన్ను పెట్టాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఈలోగా నేను ఫార్మాట్ల పిచ్చిలో పడ్డాను. బడి వదలగానే నెట్ సెంటరులో కూర్చునేవాణ్ణి. తోక అనేది ఉత్త తోకేనని, దాన్ని కత్తిరించినా అతికించినా జంతువు మారదని మొదటి వారంలోనే తెలిసింది. ఆ కంప్యూటర్ నా పాటను ఎందుకు పాడిందో కూడా తెలిసింది. అది పేరు పట్టించుకోకుండా లోపల ఏముందో చూసి పాడేస్తుంది. గేమ్ అలా కాదు. పేరు చూసి లోపలికి రానిస్తుంది, వచ్చాక లోపలి సరుకు చూసి బయటికి పంపుతుంది. జాబితాలో పేరు కనబడటం వేరు, పాడటం వేరు. బొమ్మకు ఒక కొలత, గొంతుకు ఒక పద్ధతి, రెండూ కుదరాలి. వీడియోలో బొమ్మ సరైన పద్ధతిలో ఉండి గొంతు మాత్రం ఫోను పద్ధతిలో ఉంటే, ఆ రకం గేమ్‌లు బొమ్మను నిక్షేపంగా చూపిస్తాయి, మాట బయటికి రాదు. నోళ్లు కదులుతుంటాయి, అంతే. మొదటిసారి అది చూసినప్పుడు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. దానితో ఏం చేయాలో అప్పటికి తెలియదు.

పని నేర్చుకున్నాక జనం వచ్చేవారు. పెళ్లి సీడీలు ఫోనులో ఎక్కించమని, సిర్గాపూర్ నుంచి హైదరాబాదుకు కూలికి పోయేవాళ్లు ఇంట్లోవాళ్ల మాటలు కార్డులో వేసిమ్మని. ఎవరిదీ ఎన్నడూ పాడుచేయలేదు. నా పెళ్లి కూడా ఆ మధ్యే అయింది, కల్హేర్‌లో, ఎవరూ ఎవరినీ పాట అడగని ఇంట్లో.

ఆఖరికి బావ ఇల్లు కట్టాడు. షాపు వదిలి ప్లాట్ల వ్యాపారంలోకి దిగి బాగా కుదురుకున్నాడు. నారాయణఖేడ్‌లోనే, మేడ ఇల్లు. ప్రతిష్ఠ ప్రార్థనకు వీడియో పెట్టించాడు. తాను ఎలా పైకొచ్చాడో పావుగంట సాక్ష్యం చెప్పి, ఒంటరిగా ఒక కీర్తన పాడాడు. క్రిస్మస్ ముందు వారం ఆ సీడీ, పాత గేమ్ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"బామ్మర్దీ, ఇండ్ల ఎక్కియ్యి. టీవీని నమ్ముకుంటె పండుగ దినం కరెంటు ఉంటదో పోతదో. ముందుగాల నీ కథ జెప్త, ఎనుక గిది చూపిస్త. పాడుడంటె ఎట్లుంటదో చుట్టాలకు తెల్వాలె."

ఆయన మొహంలో చెడ్డతనమేమీ లేదు. జోకు ఒకటి బాగా కుదిరిందన్న సంతోషమే ఉంది. బావ షాపాయన అప్పుడెప్పుడో నా మాటలను ఎంత శ్రద్ధగా మార్చిచ్చాడో, నేనూ అంతే శ్రద్ధగా పనిచేశాను. బొమ్మను తెర కొలతకు సరిగ్గా కుదించాను. పూలదండ కట్టిన గుమ్మం, బావ కొత్త కోటు, అన్నీ మెరిసిపోయాయి. గొంతును మాత్రం ఫోను పద్ధతికి, ఏఎమ్ఆర్‌కు మార్చాను.

పండగనాడు ఆరాధన ముగిసి, డప్పులు, గంటలు, షేక్‌హ్యాండ్ల గోల మధ్య చర్చి వాకిట్లో గేమ్ ఆయన చేతికిచ్చాను. ఆయన నొక్కి చూశాడు. తన మొహం కనిపించింది. ఆ గోలలో గొంతు కోసం ఎవరు వెతుకుతారు?

"మస్తున్నది" అన్నాడు.

"బ్యాటరీ జాగ్రత్త బావా. బువ్వలు తినేదాంక ముట్టకు" అన్నాను.

భోజనాలయ్యాయి. కొత్త ఇంటి హాలులో ముప్పైమంది దాకా కూర్చున్నారు. బావ నా కథ చెప్పాడు. ఆ ఏడు ఆమె కుంటుతూ వచ్చింది. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు, ఎవరూ గమనించలేదు.

"అది మా బామ్మర్ది పాట. ఇగ ఇది నా పాట" అని బావ స్పీకర్లు తగిలించి, గేమ్‌ను బల్ల మీద అందరికీ కనబడేలా నిలబెట్టి నొక్కాడు. గుమ్మం కనిపించింది. కోటు కనిపించింది. బావ నోరు తెరిచాడు, మూశాడు, చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు, కళ్లు మూసుకుని ఆకాశంవైపు మొహమెత్తి ఇంకా పెద్దగా తెరిచాడు. స్పీకర్లలో గాలి కూడా లేదు. బావ శబ్దం పెంచాడు. వైరు పీకి గుచ్చాడు. గేమ్ ఊపాడు, తుడిచాడు. ఏ వరసలో ఏం చేస్తాడో నాకు ముందే తెలుసు.

బావ వాళ్లమ్మ ముందుకు వంగి అడిగింది, "ఏమంటుండు? ఏమంటుండురా?"

నేను లేచి బావ పక్కన కూర్చున్నాను. ఆయన చెవి దగ్గరకు వంగి, హాలు చివరిదాకా వినబడేలా, విడివిడిగా చెప్పాను.

"బావా, నీకు గొంతు లేదంటుంది. ఎట్ల పాడినా నడుస్తదంటుంది."

నవ్వారు. అవే మొహాలు, అదే నవ్వు, పక్కవాణ్ణి చరుచుకుంటూ. బల్ల మీద బావ పాడుతూనే ఉన్నాడు. బల్ల పక్కన బావ నోరు కొంచెం తెరిచి నిలబడి ఉన్నాడు, కోడి ఒక్కటే తక్కువ. అక్క నవ్వలేదు. నావైపు చూసింది, తర్వాత పళ్లేలు తీయడానికి లేచింది.

సాయంత్రం బావ నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఏం జెయ్యాలె దీనికి?"

ఆరేళ్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న నా తెలివినంతా ఆయన చేతిలో పెట్టాను.

"ఏం లేదు బావా. ఫైలు తోక మార్చి చూడు. పేరు మారితె అదే పాడుతది."

సోమవారం పొద్దున బావ నెట్ సెంటరులో కూర్చున్నాడు. పక్క కుర్చీలో నేను వేరే వాళ్ల పెళ్లి సీడీ ఎక్కిస్తున్నాను. ఆయన ఒక్కో వేలితో పేరు కొట్టడం, కార్డు గేమ్‌లో పెట్టడం, తీయడం, ఇంకో పేరు కొట్టడం చూస్తూ, అడిగినప్పుడల్లా "దగ్గరికొచ్చింది బావా, ఇంకోటి చూడు" అంటూ మధ్యాహ్నం దాకా ఉన్నాను. కంప్యూటర్‌లోనైతే అది చక్కగా పాడేది. ఆ సెంటరులో కంప్యూటర్లకు స్పీకర్లు లేవు, ఇయర్‌ఫోన్ నా చెవుల్లో ఉంది.

అసలు సీడీ నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మార్చేటప్పుడు మొత్తం విన్నాను. చాలా బాగా పాడాడు. ఆ మాట ఇంతవరకు ఆయనకు చెప్పలేదు.